నేల మీద పడ్డ కాగితాలు

ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి ఇంగ్లిష్ వాచకం ‘ఫస్ట్ ఫ్లైట్’లో ఒక పాఠముంది. క్లాసులో నోరు మూయని పిల్ల ఒకతె. లెక్కల మాస్టారు విసిగిపోయి, శిక్షగా వ్యాసం రాసుకు రమ్మంటాడు. విషయం ‘వాగుడుకాయ’. మాట్లాడే గుణం తనకు అమ్మ నుంచి వచ్చిందని, పుట్టుకతో వచ్చినదాన్ని ఎవరు మాన్పగలరని ఆ పిల్ల వాదన రాసుకొస్తుంది. మాస్టారు ఇంకో వ్యాసం వేస్తాడు, మళ్లీ ఇంకోటి. మూడోసారికి బాతుపిల్లల కథను పద్యంగా అల్లి తెచ్చి ఆయన్నే నవ్విస్తుంది. లేపాక్షి నవోదయలోనో గుంతకల్లు కేంద్రీయ విద్యాలయంలోనో చదివే ఉమ్మడి అనంతపురం పిల్లలకు అన్నే ఫ్రాంక్ మొదట పరిచయమయ్యేది ఇట్లా, తమ బెంచీలోనే కూర్చున్నట్టుండే ఒక మాటకారి పిల్లగా.

ఆ పాఠం 1942 జూన్ 20 నాటి డైరీ పుట. అక్కడికి పదహారు రోజులకు, జూలై 6న, ఆ పిల్ల అమ్మానాన్నలతో, అక్కతో కలిసి ఆమ్‌స్టర్‌డామ్‌లో తండ్రి ఆఫీసు వెనక భాగంలో దాక్కుంది. ఆ తర్వాత రెండేళ్లకు పైగా పగటిపూట చప్పుడయ్యేలా అడుగు వెయ్యడానికి లేదు, గట్టిగా దగ్గడానికి లేదు. మాటకారి పిల్ల గుసగుసల్లో బతికింది. 1945 తొలినాళ్లలో బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరంలో జబ్బుచేసి చనిపోయేనాటికి ఆమెకు పదిహేనేళ్లు. ఇవేవీ మన పిల్లల పాఠంలోకి పూర్తిగా రావు. వ్యాసం, పద్యం, మాస్టారి నవ్వు – అంతవరకే పరీక్షలో అడుగుతారు.

డెబ్బైకి పైగా భాషల్లో, మూడు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడైన పుస్తకం ఆ డైరీ. ఎనభై ఏళ్లలో దాని మీద జరిగిన చర్చ కూడా అంతే పెద్దది. ఆ చర్చనంతా ఒకచోట పెట్టి చూడాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. చూసే చోటు మాత్రం అనంతపురం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా అన్న పేరు. ఇక్కడ కష్టాలకు కొదవ లేదు, వాటి మీద రాతకూ కొదవ లేదు. అయినా ఈ రాతలో ఒక వెలితి ఉంది. అదేమిటో ఆ డైరీని పక్కన పెట్టుకుని చూస్తే తెలుస్తుంది.

ఒక డైరీ, మూడు రాతలు

అన్నే 1929 జూన్ 12న ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. హిట్లర్ గద్దెనెక్కాక తండ్రి ఆటో ఫ్రాంక్ కుటుంబాన్ని హాలెండ్‌కు తరలించాడు. 1940 మేలో జర్మన్ సైన్యం అక్కడికీ వచ్చింది. పదమూడో పుట్టినరోజుకు వచ్చిన గళ్ల అట్ట పుస్తకంలో కిట్టీ అనే ఊహాస్నేహితురాలికి ఉత్తరాల్లాగా ఆమె రాయడం మొదలుపెట్టింది. దాగిన చోట మొత్తం ఎనిమిది మంది ఉండేవారు. ఫ్రాంకులు నలుగురు, వాన్ పెల్స్ కుటుంబం ముగ్గురు, ఫ్రిట్జ్ ఫెఫర్ అనే పళ్ల డాక్టరు.

1944 మార్చి 28న లండన్ నుంచి వచ్చే డచ్ రేడియోలో ప్రవాస ప్రభుత్వ మంత్రి బోల్కెస్టైన్ మాట్లాడాడు. యుద్ధం ముగిశాక మామూలు జనం రాసుకున్న డైరీలు, ఉత్తరాలు సేకరించాలని ఆయన మాటల సారం. ఆ మాట ఆ పిల్ల చెవిన పడింది. అప్పటిదాకా తనకోసం రాసుకున్నదాన్ని మే నెల నుంచి విడి కాగితాల మీద తిరగరాయడం మొదలుపెట్టింది. కొన్ని పుటలు కొట్టేసింది, కొన్ని కలిపింది, ఇంట్లోవాళ్లకు మారుపేర్లు పెట్టింది, పుస్తకానికి ‘వెనకిల్లు’ అని అర్థమొచ్చే డచ్ పేరు కూడా ఆలోచించి పెట్టుకుంది. రెండు నెలల్లో రెండువందలకు పైగా కాగితాలు నిండాయి. ఆఖరి పుట 1944 ఆగస్టు 1 నాటిది.

కాబట్టి పరిశోధకుల లెక్కలో డైరీలు మూడు. మొదటి రాత ఒకటి, ఆమే తిరగరాసింది రెండోది, ఆ రెంటినీ కలిపి తండ్రి కూర్చింది మూడోది. తల్లి మీద కూతురి కోపం, ఎదిగే శరీరం గురించి రాసుకున్న మాటలు – ఇలాంటివి కొన్ని తండ్రి తీసేశాడు. 1947 జూన్ 25న దాదాపు మూడు వేల ప్రతులతో అచ్చయింది ఈ మూడో రాతే. మూడింటినీ పక్కపక్కనే అచ్చువేసిన విమర్శనాత్మక ప్రతి 1986లో, తీసేసిన భాగాలు చాలావరకు చేర్చిన ప్రతి 1991లో వచ్చాయి. గోధుమరంగు కాగితం అంటించి ఆమె తనే మూసేసుకున్న రెండు పుటలను 2018లో పరిశోధకులు సాంకేతిక సాయంతో చదివారు. పెద్దలకు తెలియకుండా పిల్లలు చెప్పుకునే మోటు హాస్యాలు, ఆ వయసుకొచ్చే సందేహాలు అందులో ఉన్నాయి.

ఈ మూడు రాతల సంగతి ఎందుకింత చెప్పాలంటే, పసిపిల్ల ఏదో గిలికితే లోకం కరిగిపోయింది అనే మాట చాలాచోట్ల వినిపిస్తుంది. ఆ పిల్ల తన రాతను తానే దిద్దుకున్న రచయిత్రి. ఎవరో అడుగుతున్నారని, ఎక్కడో చదువుతారని నమ్మి దిద్దింది. మీ రాత మాకు కావాలి అని ఒక ప్రభుత్వం అనడం, ఆ మాట పద్నాలుగేళ్ల పిల్లకు చేరడం చిన్న విషయం కాదు.

ఏరినవాళ్లు

1944 ఆగస్టు 4 ఉదయం పోలీసులొచ్చారు. ముందున్న అధికారి కార్ల్ సిల్బర్‌బావర్ దొరికిన డబ్బు, నగలు వేసుకోవడానికి సంచి వెతికాడు. ఆటో ఫ్రాంక్ తోలుసంచి కనిపిస్తే, అందులోని కాగితాలన్నీ నేల మీద గుమ్మరించి సంచి మాత్రం పట్టుకుపోయాడు. ఆయన లెక్కలో సంచికి విలువుంది, కాగితాలకు లేదు.

వాళ్లను తీసుకుపోయాక ఆ ఆఫీసులో పనిచేసే మీప్ గీస్, బెప్ వోస్కాయిల్ పైకెళ్లి ఆ కాగితాలు ఏరుకొచ్చారు. మీప్ వాటిని తన బల్ల సొరుగులో పెట్టింది, ఒక్క ముక్క చదవలేదు. పిల్ల తిరిగొస్తే తన చేతికే ఇవ్వాలనుకుంది. చదివి ఉంటే తగలబెట్టక తప్పేది కాదని తర్వాతి రోజుల్లో ఆమే చెప్పింది, దాచినవాళ్ల పేర్లు, తిండి తెచ్చినవాళ్ల పేర్లు అన్నీ అందులో ఉన్నాయి గనక. ఎనిమిది మందిలో ప్రాణాలతో తిరిగొచ్చింది ఆటో ఫ్రాంక్ ఒక్కడే. కూతుళ్లిద్దరూ ఇక లేరని 1945లో కబురు తెలిశాక, మీప్ సొరుగు తెరిచి ఆ కాగితాలు ఆయన చేతిలో పెట్టింది.

అచ్చు కూడా నల్లేరు మీద నడక కాలేదు. ప్రచురణకర్తలు ముందు వద్దన్నారు. చరిత్రకారుడు యాన్ రోమెయిన్ 1946 ఏప్రిల్ 3న ఒక డచ్ పత్రిక మొదటి పేజీలో రాసిన చిన్న వ్యాసం వల్ల తలుపు తెరుచుకుంది. దాగున్న ఇల్లు కూలిపోకుండా నిలబెట్టి 1960లో మ్యూజియంగా తెరిచారు. 2009లో యునెస్కో ఈ రాతప్రతులను ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. రాసింది ఒక పిల్ల. దాన్ని ఏరింది, దాచింది, కూర్చింది, వాదించింది, నిలబెట్టింది వేరే ఎందరో.

మిగతా పిల్లల రాతల సంగతి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. నాజీల చేతిలో చనిపోయిన యూదు పిల్లలు పదిహేను లక్షల దాకా ఉంటారని అంచనా. వాళ్లలో రాసుకున్నవాళ్లు చాలామందే. పోలండ్‌లోని లోడ్జ్ ఘెట్టోలో డావిద్ సెరకోవియాక్ అనే కుర్రవాడు పంతొమ్మిదేళ్లకు చనిపోవడానికి కొన్ని నెలల ముందుదాకా రాశాడు. యుద్ధమయ్యాక ఆ ఇంటి పాత యజమాని తిరిగొచ్చేసరికి నోటుపుస్తకాలు పొయ్యి మీద ఉన్నాయి. కొన్ని అప్పటికే వంటచెరకై కాలిపోయాయి, ఐదు మిగిలాయి. రుట్కా లాస్కియర్ 1943లో రాసిన డైరీని ఆమె స్నేహితురాలు అరవై ఏళ్లకు పైగా దాచి ఉంచింది. రెనియా స్పీగెల్ డైరీ ఆమె ప్రేమించినవాడి చేతుల మీదుగా న్యూయార్క్‌లో ఉన్న తల్లికి చేరింది. వార్సా ఘెట్టోలో ఇమ్మాన్యుయేల్ రింగెల్‌బ్లమ్ బృందం పిల్లల వ్యాసాలు, గోడపత్రికలు, రేషన్ కార్డులు కూడా పోగుచేసి రేకుపెట్టెల్లో, పాల క్యాన్లలో పెట్టి పాతిపెట్టింది. ఒక పాతర 1946లో, రెండోది 1950లో దొరికాయి, మూడోది నేటికీ దొరకలేదు. అన్నే వయసు కాకపోయినా అదే ఆమ్‌స్టర్‌డామ్‌లో రాసిన ఎట్టీ హిల్లెసుమ్ డైరీకి 1981 దాకా అచ్చు దక్కలేదు. ఏ డైరీ నిలిచింది అన్న ప్రశ్నకు, అది ఎవరి చేతిలో పడింది అన్నదే సగం జవాబు.

ఎవరి అన్నే?

పుస్తకం పెరిగేకొద్దీ అది ఎవరిది అన్న తగవూ పెరిగింది. 1952లో ఎలినార్ రూజ్వెల్ట్ ముందుమాటతో ఇంగ్లిష్ ప్రతి అమెరికాలో వచ్చింది. 1955లో బ్రాడ్వే నాటకమైంది, మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి అందుకుంది. 1959లో సినిమా వచ్చింది. నాటకం ఆమె యూదుతనాన్ని పలచబరిచి, ప్రేక్షకుడు హాయిగా ఇంటికి పోయేలా ఆశతో ముగించిందని విమర్శ. నాటకంగా రాసే అవకాశం కోసం మొదట ప్రయత్నించిన రచయిత మేయర్ లెవిన్ ఆ విషయమై కోర్టుకెక్కాడు, జీవితంలో చాలా భాగం ఆ పోరుకే పోయింది. 1960లో మనోవిశ్లేషకుడు బ్రూనో బెటెల్‌హైమ్ ఆ కుటుంబం దాక్కున్న తీరునే తప్పుపట్టాడు. ఆ మాట ఎందరినో నొప్పించింది. 1997లో రచయిత్రి సింథియా ఓజిక్ ఇంకో అడుగు ముందుకేసి, ఇంతగా తియ్యబరిచే బదులు ఆ డైరీ కాలిపోయినా మేలేనేమో అన్నంత ఘాటుగా రాసింది.

ఇంకోపక్క డైరీయే అబద్ధమని ప్రచారం చేసినవాళ్లు. హాలెండ్ యుద్ధచరిత్ర సంస్థ కాగితం, సిరా, దస్తూరి పరీక్షించి ఆ నోళ్లు మూయించింది. 1986 ప్రతికి ఆ పరీక్షల వివరాలే వెన్నెముక. హక్కుల తగాదా వేరు. ఆటో ఫ్రాంక్ సహరచయిత అంటే కాపీరైట్ గడువు పెరుగుతుందన్న వాదన 2015లో బయటికొచ్చి దుమారం రేగింది. వాళ్లను పట్టించిందెవరు అన్న ప్రశ్న ఎప్పుడూ సంతలో సరుకే. 2022 జనవరిలో ఒక పుస్తకం పేరు పెట్టి మరీ ఒకరిని చూపింది. ఆధారాలు నిలవవని చరిత్రకారులు తేల్చడంతో డచ్ ప్రచురణకర్త మార్చిలో దాన్ని వెనక్కి తీసుకున్నాడు.

ఈ తగవుల్లో ఎక్కువభాగం నాకు ఆరోగ్యంగానే కనిపిస్తాయి. పుస్తకం బతికుంటేనే దాని కోసం కొట్లాట. పట్టించినవాడి కోసం వెతుకులాట మాత్రం దారి తప్పింది. పట్టించిందెవరో తేలకపోయినా డైరీ అర్థం మారదు. దాచినవాళ్లు లేకపోతే డైరీయే లేదు. తర్వాతి కాలంలో ఈ పుస్తకం చేరిన చోట్లు చూడండి. నెల్సన్ మండేలా రాబెన్ దీవి జైల్లో దీన్ని చదివానని చెప్పాడు. 1990లలో సరయేవో యుద్ధం మధ్య జ్లాతా ఫిలిపోవిచ్ అనే పిల్ల డైరీ రాసుకుంటూ, కిట్టీని తలచుకుని తన డైరీకి మిమ్మీ అని పేరు పెట్టుకుంది. లోకం కష్టంలో ఉన్నప్పుడు పిల్ల మాట కూడా సాక్ష్యమే అన్న నమ్మకాన్ని ఈ పుస్తకం కలిగించింది. దాని అసలు వారసత్వం అదే.

తెలుగు నేల మీద

మన దగ్గర ఈ వారసత్వం కాస్త వింతగా ఉంటుంది. రైల్వే స్టేషన్ బుక్‌స్టాళ్లలో, పాత పుస్తకాల ఫుట్‌పాత్‌ల మీద అన్నే డైరీ, హిట్లర్ ఆత్మకథ పక్కపక్కనే అమ్ముడుపోవడం నేను చాలాసార్లు చూశాను. రెండోదాన్ని వ్యక్తిత్వ వికాసం పుస్తకాల వరసలో పెట్టడమూ చూశాను. కొన్న కుర్రవాడికి రెంటి మధ్య సంబంధం ఎవరూ చెప్పరు.

తెలుగు మాట్లాడే యూదులూ ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు తాము ఇశ్రాయేలు తప్పిపోయిన గోత్రాల్లో ఎఫ్రాయిము వంశమని చెప్పుకుంటాయి, ప్రార్థనామందిరం కట్టుకుని హీబ్రూ నేర్చుకుంటాయి. పరిశోధకులు యూలియా ఎగరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో వాళ్ల మీద ఒక పుస్తకమే తెచ్చారు. వాళ్ల వాదనను ఒప్పుకోవాలా వద్దా అన్నది వేరే చర్చ. మన ఊళ్లలో వెలివాడ ఎరిగినవాళ్లకు, యూదులను పసుపు నక్షత్రం కుట్టుకు తిరగమన్న చట్టం ఎట్లా ఉంటుందో కొత్తగా వివరించక్కర్లేదు.

ఆ యుద్ధం మనల్నీ తాకింది. అన్నే చేతికి ఆ గళ్ల పుస్తకం రావడానికి రెండు నెలల ముందు, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులేశాయి. ఆ రోజుల్లోనే రంగూన్‌లో బతుకుతున్న తెలుగువాళ్లు మూటాముల్లె నెత్తిన పెట్టుకుని కొండలు, అడవులు దాటి కాలినడకన ఇండియాకు వచ్చారు, దారిలో రాలిపోయినవాళ్లు పోగా. మలయా తోటల నుంచి సయాం-బర్మా రైలుమార్గం పనికి తోలుకుపోయిన కూలీల్లో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ రైలుమార్గం మీద పనిచేసిన తెల్ల సైనికఖైదీల డైరీలు గంపలకొద్దీ అచ్చయ్యాయి. మన కూలీల వైపు నుంచి వచ్చిన రాతలు వేళ్ల మీద లెక్కపెట్టాలి.

అనంతపురంలో ఆ యుద్ధం గురించి రాసినవాళ్లూ ఉన్నారు. 1940లో యుద్ధం వల్ల వచ్చే ఆర్థిక ప్రభావాల మీద కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి చిన్న పుస్తకం రాస్తే, అదే తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం అచ్చు వేశాడు. రాసినవాడూ జైలుకెళ్లాడు, వేసినవాడూ వెళ్లాడు. నాగిరెడ్డి ఆ తర్వాత ఇంకో జైల్లో రాసుకున్న కోర్టు వాంగ్మూలమే ‘తాకట్టులో భారతదేశం’. ఎమర్జెన్సీలో అజ్ఞాతంలో ఉండగానే 1976 జూలై 28న చనిపోయాడు. దాక్కోవడం, రాయడం ఈ రాయలసీమకు తెలియనివి కావు.

తూకం వేసిన గింజలు

ఇక కరువు దగ్గరికి వద్దాం. 1876లో, ధాత నామ సంవత్సరంలో, మొదలైన కరువును ఇక్కడి పెద్దలు ధాత కరువు అన్నారు. అప్పటికి అనంతపురం వేరే జిల్లా కాదు, బళ్లారిలో భాగం. 1882లో విడదీశారు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఎక్కువ దెబ్బతిన్న ప్రాంతాల్లో బళ్లారి ఒకటి. దక్షిణాదిలో చనిపోయినవాళ్లను లక్షల్లో లెక్కపెట్టారు. 1877లో వైస్రాయి దూతగా వచ్చిన రిచర్డ్ టెంపుల్, కరువుపనికి వచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌను, అంటే 450 గ్రాముల ధాన్యం, పైన కాస్త చిల్లర చాలన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఆ తిండితో మనిషి బతకడని గట్టిగా వాదించాడు.

చరిత్రకారుడు మైక్ డేవిస్ కరువుల మీద 2001లో రాసిన పుస్తకంలో ఒక పట్టిక ఉంది. అందులో టెంపుల్ కూలిని, 1944లో బుఖెన్‌వాల్డ్ నాజీ శిబిరంలో ఖైదీకి ఇచ్చిన తిండిని పక్కపక్కన పెట్టాడు. మొదటిది 1,627 కేలరీలు, రెండోది 1,750. పుస్తకం పేరులోనే యూదుల మారణకాండకు వాడే మాట పెట్టాడు. దాంతో గొడవ మొదలైంది. మనుషులను బంధించి నలిపెయ్యడానికి కట్టిన శిబిరాన్ని, ఖజానా మిగలాలన్న లెక్కతో నడిపిన కరువుపనిని ఒకే గాటన కట్టవచ్చా?

కట్టకూడదనే నేను అనుకుంటాను. హాలెండ్‌లో ఉన్న లక్షా నలభై వేల మంది యూదుల్లో లక్షకు పైగా చంపబడింది వాళ్ల పుట్టుక కారణంగా. సీమలో మనిషి చచ్చింది వాన రాక, వచ్చిన గింజ చేతికి అందక, అందించగలిగిన ప్రభుత్వం తూకం వేసుకుంటూ కూర్చున్నందువల్ల. నేరాలు రెండూ నేరాలే, రకాలు వేరు. రెంటినీ కలిపేస్తే రెంటికీ అన్యాయం. అయినా ఆ పట్టిక ఇంకో మాట చెబుతుంది. బుఖెన్‌వాల్డ్ వైపు నుంచి తిన్నవాళ్ల మాటలు మనకున్నాయి. టెంపుల్ కూలి వైపు నుంచి ఉన్నవి పెట్టినవాళ్ల లెక్కలు, ఎదిరించిన డాక్టరు నివేదికలు, విలియం డిగ్బీ 1878లో రాసిన రెండు సంపుటాల కరువు చరిత్ర. తిన్నవాళ్ల మాట లేదు.

బొమ్మలు మాత్రం ఉన్నాయి. మద్రాసు సైన్యంలో పనిచేసిన విలోబీ హూపర్ ఆ కరువులో ఎముకలగూళ్లైన మనుషులను గుంపులుగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. తీసి, తిండి పెట్టకుండా పంపేశాడన్న విమర్శ ఆ రోజుల్లోనే వచ్చింది. ఆ ఫోటోల్లో పిల్లలూ ఉన్నారు. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు, పేర్లు మాత్రం తెలియవు. అన్నే ముఖం చూడగానే ఆమె కోపం, కొంటెతనం, ఆమెకు చదువులో ఏది గిట్టదో కూడా గుర్తుకొస్తాయి. హూపర్ పిల్లల ముఖం చూస్తే కరువు ఒక్కటే గుర్తుకొస్తుంది. చచ్చిపోయిన మనిషికి, చచ్చిపోయినవాళ్ల సంఖ్యకు ఉన్న తేడా అంత.

మన ఏరుకున్నవాళ్లు

సీమకు ఏరేవాళ్లు లేకపోలేదు. అనంతపురం హండె పాలెగాళ్ల కాలపు సంగతులు 1750–1810 ప్రాంతంలో తెలుగులో రాసిపెట్టినవాళ్ల పుణ్యాన ఒక చరిత్ర మిగిలింది. దాన్ని సి.పి. బ్రౌన్ సంపాదించి, ఇంగ్లిష్‌లోకి తిప్పి 1853లో మద్రాసులో అచ్చువేశాడు. వేమన పద్యాలు ఏరినట్టే దీన్నీ ఏరాడు. ఆ బ్రౌన్ పేరుతో కడపలో గ్రంథాలయం నిలబెట్టడానికి ఊరూరా తిరిగిన జానమద్ది హనుమచ్ఛాస్త్రి మన రాయదుర్గంలో పుట్టినవాడే. ఆ హండెల కాలాన్ని బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ నవలలోకి తెచ్చి 2019 సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నాడు. ఒక రాత ఇంకో రాతకు విత్తనం కావడం అంటే ఇదే.

1950ల తొలినాళ్ల కరువులో సీమంతా గంజి కేంద్రాలు వెలిశాయి, బావులు తవ్వడానికి సైన్యం దిగింది. ఆ రోజుల నుంచే విద్వాన్ విశ్వం కావ్యం ‘పెన్నేటి పాట’ పుట్టింది. ఎండిన పెన్న ఒడ్డున రంగడు, గంగమ్మ అనే పేద దంపతుల బతుకు అందులో కథ. సింగమనేని నారాయణ ‘సీమ కథలు’ సంకలనం తెచ్చి ఇక్కడి కథకు ఒక చిరునామా ఇచ్చాడు. చెనక్కాయ పంట బెట్టకు మాడడం, వరసగా వేసిన బోర్లన్నీ ఎండిపోవడం, అప్పులోడు గడప తొక్కడం, బెంగళూరు బస్సెక్కడం – ఈ తరం కథకులు రాయనిది లేదు. 1990ల చివరి నుంచి రైతుల ఆత్మహత్యల మీద వచ్చిన పత్రికా కథనాలు, విచారణ నివేదికలు బీరువాలు నింపుతాయి.

ఇంత రాతలోనూ కొట్టొచ్చినట్టు కనిపించేది ఒకటే. రాసినవాళ్లు దాదాపు అందరూ పెద్దలు, అందులోనూ మగవాళ్లు, జరిగిపోయాక రాసినవాళ్లు. అమ్మానాన్న వలసపోతే అవ్వ దగ్గరో హాస్టల్లోనో మిగిలిన పన్నెండేళ్ల పిల్ల, ఆ రోజు ఆ సాయంత్రం ఏమనుకుందో ఆమె మాటల్లో మనకు లేదు. ఆమె గురించి ఉంది, ఆమెది లేదు. అమ్మ మీద ఆమెకున్న కోపం, పక్కింటి పిల్లతో తగవు, పదును వాన పడిన రాత్రి నవ్వు, పెద్దమనిషి అయినప్పుడు బడి మాన్పిస్తారన్న భయం, ఇవన్నీ కలిస్తేనే మనిషి. కథకుడి చేతిలో పడేసరికి ఆ పిల్ల కరువు పిల్ల అయిపోతుంది, వాగుడుకాయగా మిగలదు.

దీనికి దారి లేకపోలేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల మాటలను స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం టేపుల మీద ఎక్కించి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది. దాదాపు నలభై ఏళ్ల ముందే జరిగిపోయినదాన్ని అడిగి రాబట్టారు. మన పని ఇంతకన్నా తేలిక, ఎందుకంటే ఆ పిల్లలు ఇప్పుడూ రాస్తున్నారు. కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో, సంక్షేమ హాస్టళ్లలో, ఊరి హైస్కూళ్లలో ‘మా ఊరు’, ‘నా వేసవి సెలవులు’, ‘నేను చూసిన వాన’ అంటూ ప్రతి ఏడాదీ వ్యాసాలు రాయిస్తూనే ఉన్నారు. తెలుగు పంతులు ఎర్రసిరాతో ఒత్తులు దిద్ది, మార్కులేసి, పుస్తకం తిరిగిచ్చేస్తాడు. అడిగి రాయించుకునే బోల్కెస్టైన్ ప్రతి బళ్లోనూ ఉన్నాడు. సొరుగు ఉన్న మీప్ మాత్రం లేదు. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో గానీ జిల్లా గ్రంథాలయంలో గానీ ఒక బీరువా, ఏడాదికి మండలానికి పది నోటుపుస్తకాలు, రాసిన పిల్ల ఒప్పుకోలు, పేరు బయటపడకుండా జాగ్రత్త, ఇరవై ఏళ్ల దాకా చదవకూడదన్న నియమం ఉన్నా సరే. చదవకుండా దాచడం కూడా దాచడమేనని మీప్ చూపించింది కదా.

ఇప్పుడు జరుగుతున్నది వేరు. ఏప్రిల్‌లో పరీక్షలవగానే ఆ పుస్తకాలు పాతపేపర్ల తూకంలోకి పోతాయి. అక్కడి నుంచి బస్టాండు ముందు బండ్ల మీదికి వస్తాయి. వేయించిన చెనక్కాయలు ఆ కాగితంలోనే పొట్లం కట్టి ఇస్తారు. బెంగళూరు బస్సు కోసం నిలబడి, కాయలయ్యాక కాగితం విప్పితే లోపల నీలిసిరా గుండ్రటి దస్తూరి ఉంటుంది. పై సగంలో కూడికలు. కింద వ్యాసం మొదటి నాలుగు వరసలు. పక్కన ఎర్రసిరాతో ‘బాగుంది, ఇంకా రాయి’ అని ఉంటుంది. ఇంకా రాసిందో లేదో తెలియదు. తర్వాతి కాగితం ఇంకొకరి పొట్లమై ఇంకో బస్సెక్కి పోయుంటుంది.